ఎర్రర్ రాని కోడ్‌నే అనుమానించండి

ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. సాయంత్రం ఏడింటికి ఆఫీసు కింద క్యాబ్ కోసం నిలబడి ఉంటే తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ‘సార్, నాకు ఇన్సెంటివ్ పైసలు పడలే. సూపర్‌వైజర్‌ని అడిగితే లిస్టుల నీ పేరే లేదంటుండు. లిస్టు మీరే తీస్తరంట కదా?’ అన్నాడు అవతలి కుర్రాడు. కరీంనగర్ వైపు దుకాణాలు తిరిగి ఆర్డర్లు రాసుకునే ఉద్యోగం అతనిది. నన్ను ఎవరైనా ‘సార్’ అనడం అదే మొదటిసారి. అదీ ఇలాంటి పనికి.

లిస్టు తీసేది నేను కాదు, నేను రాసిన కోడ్. ఆ తేడా అతనికి చెప్పి లాభం లేదు కాబట్టి ‘రేపు చూసి చెబుతా’ అన్నాను.

ఆ ప్రోగ్రామ్ ఏమంత పెద్దది కాదు. ప్రతినెలా 25న హెచ్‌ఆర్ ఇచ్చే ఉద్యోగుల ఫైలునూ, ఫీల్డ్ నుంచి వచ్చే అమ్మకాల ఫైలునూ తీసుకుంటుంది. రెండింటినీ ఐడీ మీద కలుపుతుంది. ఉద్యోగం మానేసినవాళ్లను తీసేస్తుంది. మిగిలినవాళ్లకు ఎంత ఇవ్వాలో లెక్కకట్టి ఒక రిపోర్టు తయారుచేస్తుంది. మూడు నెలలుగా ఒక్క ఎర్రర్ లేకుండా నడుస్తోంది. పని పూర్తయ్యాక స్క్రీన్ మీద పచ్చ టిక్కు కనబడుతుంది. ఆ టిక్కు చూసుకుని నేను మురిసిపోయేవాణ్ని కూడా.

మర్నాడు పొద్దున అందరూ చేసే పనే చేశాను. కోడ్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివాను. బాగానే ఉంది. మళ్లీ చదివాను. ఇంకా బాగా కనిపించింది! మనం రాసిన కోడ్‌ను మనమే చదివితే, అందులో ఉన్నది కాదు, మనం అనుకున్నది కనిపిస్తుంది. గంట పోయాక పక్క సీటు సీనియర్ అక్క వచ్చి, ‘కోడ్ మూసెయ్. ఆ అబ్బాయి ఐడీ పట్టుకో. ఎక్కడిదాకా ఉన్నాడో, ఎక్కడ మాయమయ్యాడో చూడు’ అంది.

హెచ్‌ఆర్ ఫైల్లో ఉన్నాడు. అమ్మకాల ఫైల్లో ఉన్నాడు. రెండూ కలిపాకా ఉన్నాడు. మానేసినవాళ్లను తీసేసే ఫిల్టర్ దాటాక లేడు. కానీ అతను మానేయలేదు. నిన్ననే నాతో ఫోన్‌లో మాట్లాడాడు!

అప్పుడు కూడికలు, తీసివేతలు మొదలుపెట్టాం. ఫిల్టర్‌కు ముందు 1,946 మంది. అందులో ‘ఇనాక్టివ్’ అని స్పష్టంగా రాసి ఉన్నవాళ్లు 97 మంది. తీసేస్తే 1,849 మిగలాలి. నా రిపోర్టులో ఉన్నది 1,811. తేడా 38. మానేయనివాళ్లు 38 మంది నా కోడ్‌లో మాయమయ్యారు.

ఫిల్టర్‌లో నేను రాసిన షరతు ఒక్కటే: స్టేటస్ ‘ఇనాక్టివ్’ కాకపోతే ఉంచు. తెలుగులో చదివితే ఏ తప్పూ లేదు. స్టేటస్ గడి ఖాళీగా ఉన్నవాడు ‘ఇనాక్టివ్’ కాదు కదా, అంటే ఉండాలి కదా అనిపిస్తుంది. ఎస్‌క్యూఎల్ అలా అనుకోదు. అందులో ఖాళీ గడి అంటే నల్. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ మాట కూడా కాదు. ‘తెలియదు’ అని అర్థం. తెలియని విలువ ‘ఇనాక్టివ్’కు సమానం కాదా అని అడిగితే దాని జవాబు అవును కాదు, కాదూ కాదు. అదీ ‘తెలియదు’ అనే చెబుతుంది. వేర్ షరతు కచ్చితంగా ‘అవును’ అని తేలిన వరుసలనే ఉంచుతుంది. ‘తెలియదు’ అన్నవి ‘కాదు’ అన్నవాటితో పాటే పోతాయి. చప్పుడు లేకుండా.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఇదే షరతును పైథాన్‌లో పాండాస్‌తో మామూలు కాలమ్ మీద రాస్తే ఆ 38 మందీ మిగులుతారు. అక్కడ ఖాళీ విలువను ‘ఇనాక్టివ్’తో పోల్చి ‘సమానం కాదు కదా’ అంటే ‘అవును, కాదు’ అని వస్తుంది. ఒకే వాక్యం, ఒకే ఫైలు, రెండు జవాబులు. ఎస్‌క్యూఎల్‌లో ఉన్న రిపోర్టును పైథాన్‌లోకి మార్చమని మీకు మొదటి నెలలోనే పని ఇస్తారు, రాసిపెట్టుకోండి. లెక్కలు కలవక తల పట్టుకునేది ఇలాంటి చోటే.

సరే, షరతుకు ‘లేదా ఖాళీగా ఉన్నా సరే’ అని చేరిస్తే పని అయిపోతుందనుకున్నాను. అక్క ఒప్పుకోలేదు. ‘ఖాళీ అంటే ఏంటో నీకు తెలుసా? హెచ్‌ఆర్‌ని అడిగావా?’ అంది. అడిగాను. కొత్తగా చేరినవాళ్ల సర్టిఫికెట్ల పరిశీలన పూర్తయ్యేదాకా స్టేటస్ నింపరట. ఆ 38 మందిలో 36 మంది అలాంటివాళ్లే. మిగతా ఇద్దరు చేరిన వారానికే మానేశారు. వాళ్ల సంగతి ఎవరూ ఫైల్లో నింపలేదు. అంటే నేను తొందరపడి చేసిన సవరణ కూడా తప్పే. అసలు ప్రశ్న సింటాక్స్‌ది కాదు. ‘స్టేటస్ తెలియనివాడికి డబ్బు ఇవ్వాలా, వద్దా?’ అన్నది. ఆ జవాబు ఏ డాక్యుమెంటేషన్‌లోనూ దొరకదు.

36 మందికి డబ్బు తర్వాతి నెల జీతంతో కలిపి పడింది. సంతోషంగా చెబుదామని ఆ కుర్రాడి నంబర్‌కు ఫోన్ చేస్తే, అతను అప్పటికే ఆ ఉద్యోగం మానేశాడు. మొదటి నెల వస్తుందనుకున్న డబ్బు రాకపోతే రూమ్ అద్దె కట్టలేక ఊరెళ్లిపోయాడట. ‘పడ్డయి సార్, చూసిన’ అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇంత సొద ఎందుకు చెబుతున్నానంటే, డేటా ఉద్యోగాలకు సిద్ధమవుతున్న మీలో చాలామంది ఎర్రర్లంటే భయపడుతున్నారు. ఎర్రర్ వస్తే ఇంటర్వ్యూలో పరువు పోతుందని, రాకపోతే గట్టెక్కామని అనుకుంటున్నారు. నా అనుభవం దీనికి పూర్తిగా తలకిందులు. ఎర్రర్ వచ్చిందంటే కోడ్ నోరు తెరిచి ‘నాకు అర్థం కాలేదు’ అని చెప్పిందన్నమాట. అది మంచి కోడ్. అర్థం కాకపోయినా తల ఊపి, ఏదో ఒక జవాబు చేతిలో పెట్టేదే ప్రమాదం. మన తరగతుల్లో మొదటి రకాన్ని సరిచేయడమే నేర్పుతున్నారు. ఉద్యోగంలో మనుషుల మీద పడేది రెండో రకం.

మీరే చేసి చూడగలిగిన ఉదాహరణ ఒకటి చెబుతాను. డేటా సైన్స్ కోర్సులో చేరిన ప్రతి ఒక్కరూ కాగల్‌లోని టైటానిక్ ఫైలుతోనే మొదలుపెడతారు. అందులో శిక్షణకిచ్చే భాగంలో 891 మంది ప్రయాణికులున్నారు. వారిలో బతికినవాళ్లు 342 మంది, అంటే సుమారు 38 శాతం. ఆ ఫైల్లో ఖాళీలున్నాయి. 177 మంది వయసు లేదు, 687 మంది క్యాబిన్ నంబర్ లేదు. యూట్యూబ్‌లో చూసిన ప్రకారం ‘డేటా క్లీనింగ్’ అని శీర్షిక పెట్టి డ్రాప్‌ఎన్‌ఏ అని ఒక్క లైన్ కొట్టండి. ఏదైనా గడి ఖాళీగా ఉన్న ప్రతి మనిషీ పోతాడు. ఎందరు మిగులుతారో లెక్కపెట్టండి. 183 మంది. ఇప్పుడు మళ్లీ బతికినవాళ్ల శాతం తీయండి. 67 దగ్గర వస్తుంది.

ఒక్క లైన్‌తో ఓడ ప్రమాదం సగానికి సగం చిన్నదైపోయింది! ఎందుకంటే క్యాబిన్ నంబర్ ఎక్కువగా తెలిసినది మొదటి తరగతి వాళ్లవే. వాళ్లు ఎక్కువ మంది బతికారు. కింది తరగతుల వాళ్ల వివరాలు సరిగా నమోదు కాలేదు. మనం ‘చెత్త’ అని ఊడ్చేసింది వాళ్లనే. ఖాళీ గడులు లాటరీలో పడినట్టు ఎక్కడ పడితే అక్కడ పడవు. ఎవరి గురించి ఎవరూ పట్టించుకోలేదో వాళ్ల దగ్గరే ఎక్కువ ఉంటాయి. నేను చూసిన ఫ్రెషర్ల రెజ్యూమేల్లో టైటానిక్ ప్రాజెక్టుకు కొదవ లేదు. డ్రాప్‌ఎన్‌ఏ తర్వాత ఎంతమంది మిగిలారని అడిగితే మాత్రం చెప్పగలిగినవాళ్లు ఒక చేతి వేళ్లకు మించి లేరు.

టైటానిక్ దాకా ఎందుకు, మన కాలేజీ ఫలితాలే చూడండి. మార్కుల కాలమ్‌లో 85, 42, 35 అని అంకెలుంటాయి. పరీక్షకు రానివాళ్లకు ‘ఏబీ’ అని ఉంటుంది. ఆ రెండక్షరాల వల్ల పాండాస్ ఆ కాలమ్ మొత్తాన్నీ అంకెలుగా కాక అక్షరాలుగా చదువుతుంది. అప్పుడు మార్కుల వరుసలో పెట్టమంటే 9 మార్కులొచ్చినవాడు 85 వచ్చినవాడి కంటే పైన కూర్చుంటాడు. అక్షరాల లెక్కలో 8 కంటే 9 పెద్దది కాబట్టి. దీన్ని గుర్తుపట్టి అంకెల్లోకి మార్చమని బలవంతం చేస్తాం. అంకె కానివి ఖాళీ అయిపోతాయి. సగటు తీసేటప్పుడు ఖాళీలను పాండాస్ లెక్కలోకి తీసుకోదు. ఇంకేముంది, పరీక్ష రాయనివాళ్లు హారంలోంచి తప్పుకున్నారు, సగటు పెరిగింది, ఉత్తీర్ణత శాతం పెరిగింది. ఎవరూ మోసం చేయలేదు. అలాగని నిజమూ చెప్పలేదు.

కాలేజీ బ్రోచర్లలో ప్లేస్‌మెంట్ శాతాలు ఎలా వస్తాయో మీకు నేను చెప్పాలా? ‘అర్హులైనవారిలో’, ‘రిజిస్టర్ చేసుకున్నవారిలో’ అని కింద చిన్న అక్షరాల్లో ఉండే మాటే ఫిల్టర్. ఆ బ్రోచర్ చూసి నవ్వుకునే మనం, అదే పని మన కోడ్‌లో చేస్తూ దాన్ని క్లీనింగ్ అంటున్నాం.

తేదీల గోల వేరే. 03/04/2025 అంటే మనకు ఏప్రిల్ 3. పాండాస్‌కు ఏమీ చెప్పకుండా ఇస్తే దాని అలవాటు ప్రకారం మార్చి 4. పాత పాండాస్‌లో ఇంకా ఘోరంగా ఉండేది. 13/04 అన్నదాన్ని 13వ నెల లేదు కాబట్టి బుద్ధిగా ఏప్రిల్ 13 అని చదివేది, పక్క వరుసలోని 03/04ని మార్చి 4 అని చదివేది. ప్రతినెలా మొదటి పన్నెండు రోజులు అటూ ఇటూ అయ్యేవి, మిగతావి సరిగ్గా ఉండేవి. సగం సరిగ్గా ఉన్న రిపోర్టును ఎవరు అనుమానిస్తారు? 2023లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి మొదటి విలువను చూసి ఒకే పద్ధతిని అన్నిటికీ వాడుతోంది, కుదరకపోతే ఎర్రర్ ఇస్తోంది. చూశారా, ఎర్రర్ ఇవ్వడమే ఇక్కడ మెరుగుదల! అయినా ఆ మొదటి విలువే 03/04 అయి, ఫైల్లో తేదీలన్నీ పన్నెండు లోపువే అయితే దానికీ దిక్కులేదు. తేదీ ఏ వరుసలో ఉందో మనమే రాసి ఇవ్వాలి.

సర్వర్లు చాలావరకు యూటీసీ సమయంలో రాసుకుంటాయి. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. అంటే ఏప్రిల్ 1 తెల్లవారుజామున మూడింటికి వచ్చిన ఆర్డర్ ఆ లెక్కలో మార్చి 31దే. ఒక రోజు తేడా కాదది, ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. అలాగే మార్చి 1 నుంచి మార్చి 31 మధ్య అని ఎస్‌క్యూఎల్‌లో బిట్వీన్ రాస్తే, కాలమ్‌లో సమయం కూడా ఉన్నప్పుడు, 31వ తేదీ అర్ధరాత్రి దాటాక జరిగినదంతా బయటే ఉండిపోతుంది. నెలాఖరు రోజు అమ్మకాలు ఎప్పుడూ తక్కువేనని ఒక మేనేజర్ సిద్ధాంతం కూడా చెప్పారు నాతో. పాపం.

మన దగ్గరి డేటాతో పనిచేస్తే ఇంకో సంగతి తప్పదు. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. ఇప్పుడు పదేళ్ల డేటాలో జిల్లా ‘వరంగల్’ అని ఫిల్టర్ పెట్టండి. 2016కు ముందు అది పెద్ద ఉమ్మడి జిల్లా. ఆ తర్వాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండున్నాయి, ఉత్త ‘వరంగల్’ అనేదే లేదు. 2021లో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. మీ గ్రాఫ్‌లో వరంగల్ మొదట కొండంత ఉండి, మధ్యలో ఐదేళ్లు మాయమై, మళ్లీ చిన్నగా పుడుతుంది. కోడ్ తప్పు ఒక్కటీ లేదు. హనుమకొండ వాళ్లకు ఎవరికి చూపించినా ఒక్క చూపులో పట్టేస్తారు. మన ప్రాంతం తెలిసి ఉండటం కూడా ఒక నైపుణ్యమే, రెజ్యూమేలో రాయడానికి చోటు ఉండదంతే.

తెలుగులో ఉన్న పేర్లతో మరో చిక్కు. ‘సాఫ్ట్‌వేర్’ అని ఒకరు టైప్ చేసినప్పుడు మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది, పొల్లు పక్క అక్షరంతో కలిసిపోకుండా ఆపేందుకు. గ్రామాల పేర్లలోనూ అంతే. ఒక ఫైల్లో అది ఒకసారి పడి, ఇంకో ఫైల్లో రెండుసార్లు పడితే స్క్రీన్ మీద రెండు పేర్లూ అచ్చం ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు. జాయిన్ కలవదు. ఇంగ్లిష్ ఫైళ్లలో పేరు చివర ఉండిపోయే ఖాళీ స్పేస్‌దీ ఇదే కథ. ఒక్కోసారి సీఎస్‌వీ ఫైలు మొదట్లో కనబడని గుర్తు ఒకటి అతుక్కుని వస్తుంది. మొదటి కాలమ్ పేరు ‘ఐడీ’ అని ఎదురుగా కనిపిస్తున్నా ‘ఆ పేరుతో కాలమ్ లేదు’ అంటుంది ప్రోగ్రామ్. ఇది కనీసం ఎర్రర్ ఇస్తుంది, దండం పెట్టుకోండి.

ఎక్సెల్ చేసే సాయం సంగతి చెప్పకపోతే ఎలా! సీఎస్‌వీని మామూలుగా తెరిచి సేవ్ చేస్తే ఖాతా నంబర్ల ముందున్న సున్నాలు పోతాయి. 15 అంకెలు దాటిన నంబర్లలో ఆ తర్వాతి అంకెలన్నీ సున్నాలైపోతాయి. జన్యువుల పేర్లలో సెప్ట్2, మార్చ్1 లాంటివి ఎక్సెల్‌లో తేదీలుగా మారిపోతూ పరిశోధనలు పాడవుతుంటే, చివరికి 2020లో ఆ పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ కమిటీ జన్యువుల పేర్లనే మార్చుకుంది. ఎక్సెల్‌ను మార్చలేకపోయారు మరి.

ఇవన్నీ చిన్న విషయాలనుకోవద్దు. ఇంగ్లండ్‌లో 2020లో కొవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు ల్యాబులు పంపే సీఎస్‌వీ ఫైళ్లను అక్కడి ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించేది. ఆ ఫార్మాట్‌లో 65,536 వరుసలే పడతాయి. ఒక్కో కేసుకు అనేక వరుసలు. నిండిపోయాక మిగతావి లోపలికి రాలేదు. అలా సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లో చేరలేదు. పరీక్ష చేయించుకున్నవాళ్లకు ఫలితాలు అందాయి. వాళ్లతో దగ్గరగా తిరిగినవాళ్లను వెతికి చెప్పాల్సిన బృందాలకు మాత్రం ఆ పేర్లు సమయానికి చేరలేదు. వచ్చిన వరుసలెన్ని, ఎక్కించిన వరుసలెన్ని అని పక్కపక్కన రాసుకుని ఉంటే మొదటిరోజే బయటపడేది.

నేను ప్రతిచోటా చెప్పేది ఇదే, వినేవాళ్లకు మరీ చిన్నమాటలా ఉంటుంది: లెక్కపెట్టండి. ఫైలు చదవగానే ఎన్ని వరుసలు? ఫిల్టర్ తర్వాత ఎన్ని? తగ్గినవి ఎవరు, ఎందుకు తగ్గారు? జాయిన్ తర్వాత పెరిగాయా? పెరిగితే ఒక ఐడీ ఎక్కడో రెండుసార్లు ఉంది, ఎవరికో రెండింతలు డబ్బు వెళ్లబోతోంది. సందేహం వస్తే మొత్తం కోడ్ చదవకుండా ఒక్క మనిషిని ఎంచుకుని చివరిదాకా వెంట నడవండి. తీసేసిన వరుసలను పారేయకుండా విడిగా ఒక ఫైల్లో పెట్టి, పది వరుసలు కళ్లతో చూడండి. అందులో మీకు తెలిసిన లాంటి మనిషి ఒకరు కనిపిస్తే ఫిల్టర్ తప్పని ఇట్టే తెలుస్తుంది.

‘ఇవన్నీ ఇప్పుడు ఏఐ చూసుకుంటుంది కదన్నా’ అని ఈమధ్య ఒక తమ్ముడు అన్నాడు. కోడ్ రాసిపెడుతుంది, నిజమే. నేనూ రోజూ వాడుతున్నాను, నా కంటే శుభ్రంగా రాస్తుంది. నల్ గురించి అడిగితే పాఠమే చెబుతుంది. కానీ మా హెచ్‌ఆర్ వాళ్లు కొత్తవాళ్ల స్టేటస్ గడిని పరిశీలన పూర్తయ్యేదాకా నింపరన్న సంగతి దానికి ఎవరు చెప్పాలి? అది ఏ ఫైల్లోనూ రాసి లేదు. ఫోన్ చేసి అడిగితేనే తెలిసింది. కోడ్ రాయడం చవకైన కొద్దీ ఆ ఫోన్ చేసేవాడి విలువ పెరుగుతుందని నా నమ్మకం. అందుకే అమీర్‌పేటలో బోర్డు మీదున్న ప్రతి కొత్త టూల్ పేరుకూ ఒక కోర్సు ఫీజు కట్టేముందు కాస్త ఆగమంటాను. స్పార్క్, ఎయిర్‌ఫ్లో అవసరమే, కాదనను. తప్పు లెక్కను అవి ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువమందికి చేరవేస్తాయి, అంతే.

ఇంకో మాట, ఇది మీకు నేరుగా తగిలేది. ఉద్యోగ దరఖాస్తుల్లో మీరూ ఒక వరుసే. ఒకసారి క్యాంపస్ ఎంపికల జాబితా వడపోతలో నేను సాయం చేశాను. సీజీపీఏ 7 పైన ఉండాలన్నది షరతు. ఒకరు 7.8 అని రాశారు. ఒకరు ‘7.8/10’ అని, ఒకరు ‘78 శాతం’ అని రాశారు. అంకెల్లోకి మారనివన్నీ ఖాళీ అయిపోయి, షరతు దగ్గర జారిపోయాయి. ఆ రోజు తీసేసినవాళ్ల ఫైలు తెరిచి చూశాం కాబట్టి వాళ్లను వెనక్కి తెచ్చాం. ప్రతిచోటా తెరిచి చూస్తారని నేను హామీ ఇవ్వలేను. ఫారంలో అడిగింది అంకె అయితే అంకే రాయండి.

ఇంటర్వ్యూలో నేను ఇప్పుడు ఒక చిన్న ఫైలు ఇస్తాను. విద్యార్థుల మార్కులు, 60 వరుసలు. బ్రాంచి వారీగా ఎంతమంది పాసయ్యారో చెప్పమంటాను. చాలామంది ఫైలు తెరవరు, నేరుగా కోడ్ మొదలుపెడతారు. ఐదు నిమిషాల్లో జవాబొస్తుంది. కిందటేడు గుంటూరు వైపు కాలేజీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి పది నిమిషాలైనా ఒక్క లైన్ రాయలేదు. మా ప్యానెల్‌లో ఒకాయన గడియారం చూసుకుంటున్నారు. అప్పుడడిగింది: ‘సార్, ఏబీ అంటే ఆబ్సెంటే కదా? వాళ్లను ఫెయిలైనవాళ్లలో కలపాలా, విడిగా చూపించాలా? ఇంకోటి, సీఎస్‌ఈ అని ఒకచోట, సీఎస్‌ఈ తర్వాత స్పేస్‌తో ఇంకోచోట ఉంది. ఒకటే బ్రాంచి అనుకోనా?’ ఆ అమ్మాయి కోడ్ పూర్తికాలేదు. ఎంపికైంది. గడియారం చూసుకున్నాయనే ముందు చెయ్యెత్తారు.

ఇలాంటి చూపు రావాలంటే ఏ సంస్థలోనూ చేరక్కర్లేదు. మీ తరగతి ఫలితాల ఫైలు ఒకటి తీసుకోండి. దాన్ని మీరే చెడగొట్టండి. రెండు పేర్ల చివర స్పేస్ పెట్టండి, ఒక ఐడీని రెండుసార్లు రాయండి, మూడు గడులు ఖాళీ చేయండి, ఒక తేదీని తిరగేయండి. మీ రూమ్‌మేట్‌కు ఇచ్చి రిపోర్టు తీయమనండి. అతను చెడగొట్టిన ఫైలు మీరు తీసుకోండి. ఎవరి రిపోర్టులో ఎవరు మాయమయ్యారో వెతుక్కోండి. రెండు ఆదివారాలు చాలు. రెజ్యూమేలో ‘పైథాన్, ఎస్‌క్యూఎల్ వచ్చు’ అన్న లైన్ కింద, ‘ఫలానా లెక్కలో ఇంతమంది తేడా ఉంటే ఇలా పట్టుకున్నాను’ అని ఒక్క వాక్యం రాయండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాని గురించే అడుగుతారు. మీకు బాగా తెలిసిన కథ కాబట్టి తడబడకుండా చెబుతారు.

ఆ కరీంనగర్ కుర్రాడి ఫోన్ తర్వాత మా రిపోర్టు చివర ఒక చిన్న పట్టిక చేర్చాం. వచ్చినవారు ఇంతమంది, మానేసినందుకు తీసేసినవారు ఇంతమంది, అమ్మకాలు లేక తీసేసినవారు ఇంతమంది, కారణం తెలియనివారు ఇంతమంది. అన్నీ కూడితే మొదటి అంకె రావాలి. ‘ఇది ఎవరికి కావాలయ్యా, పేజీ పాడవుతోంది’ అన్నారు మేనేజర్. తీయలేదు. నేను ఆ కంపెనీ వదిలి చాలా కాలమైంది. మొన్న ఆ అక్కతో మాట్లాడితే, పట్టిక ఇంకా ఉందని చెప్పింది. గత నెల ‘కారణం తెలియనివారు’ దగ్గర 4 వచ్చిందట. డబ్బులు పడకముందే హెచ్‌ఆర్‌కు ఫోన్ చేశారట.